ఎయిట్ మైల్ దాటని తెలుగు

డిట్రాయిట్ చుట్టుపక్కల ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్ళకి ఒక మనవి. ఈసారి ప్రాపర్టీ టాక్స్ బిల్లు వచ్చినప్పుడు మొత్తం ఎంతో చూసి, నిట్టూర్చి, పక్కన పడెయ్యకండి. ఒక్కో పద్దూ చదవండి. స్కూళ్ళు, కాలేజీ, పార్కులు, వీటి మధ్య ఎక్కడో ‘ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్’ అని ఒక చిన్న పద్దు కనిపిస్తుంది. అది డిట్రాయిట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్ట్స్ కోసం మీరు కడుతున్న పన్ను. 2012 ఆగస్టులో వేన్, ఓక్లండ్, మెకోంబ్ కౌంటీల ఓటర్లు తమ మీద తామే వేసుకున్నారు దీన్ని. 0.2 మిల్. అంటే పన్ను విలువ లక్ష డాలర్లుగా కట్టిన ఇంటికి ఏడాదికి 20 డాలర్లు. 2020లో మళ్ళీ ఓటేసి ఇంకో పదేళ్ళు పొడిగించారు. దానికి బదులుగా ఈ మూడు కౌంటీలవాళ్ళకీ ఆ మ్యూజియంలో ప్రవేశం ఉచితం.

నేను నోవైలో 16 ఏళ్ళుగా ఉంటున్నాను. తెలిసినవాళ్ళని అప్పుడప్పుడూ అడుగుతుంటాను, ఎప్పుడైనా వెళ్ళారా అని. వచ్చే జవాబులు మూడే మూడు. “మా బాబు స్కూలువాళ్ళతో వెళ్ళొచ్చాడండీ” అన్నది మొదటిది. (ఆ స్కూలు బస్సు ఖర్చు కూడా ఈ పన్నులోంచే వస్తుంది.) “అటువైపు సేఫ్ కాదు కదండీ” అన్నది రెండోది. “అసలు డిట్రాయిట్‌లో ఏముందండీ చూడ్డానికి?” అన్నది మూడోది. ఈ మూడో మాట అన్నవాళ్ళే చికాగో దాకా నాలుగున్నర గంటలు కారు నడుపుకుంటూ వెళ్ళి అక్కడి మ్యూజియం ముందు సింహంతో ఫొటో దిగి వస్తారు. పారిస్ వెళ్తే మోనాలీసా కోసం గంటలు గంటలు క్యూలో నిలబడతారు. ఇంటి నుంచి నలభై నిమిషాల దూరంలో వాన్ గో తన బొమ్మ తాను వేసుకున్న పటం ఉంది. 1922లో డిట్రాయిట్ కొన్నది. అమెరికాలో ఒక పబ్లిక్ మ్యూజియం చేతికి వచ్చిన మొట్టమొదటి వాన్ గో అదే. బ్రూగెల్ 1566లో వేసిన పెళ్ళి నాట్యం ఉంది. వాటిముందు క్యూ ఉండదు. మనమూ ఉండం.

ఇష్టం లేనివాళ్ళని బొమ్మలు చూడమని బలవంతం చెయ్యడానికి నేనెవర్ని? అందరికీ అన్నీ నచ్చాలని లేదు. నా తగాదా అది కాదు. ఒక ఊరి పరిశ్రమ మీద బతుకుతూ, ఆ ఊరి పేరు మన సంఘాలకి పెట్టుకుని, ఆ ఊరి పేరుతో మహాసభలు జరుపుకుంటూ, ఆ ఊరు తన గురించి తాను ఏం చెప్పుకుందో ఒక్కసారైనా వినకపోవడం ఉంది చూశారూ, దానితో నా తగాదా.

ఎందుకంటే డిట్రాయిట్ మ్యూజియంలో ఉన్నవన్నీ ఎక్కడినుంచో తెచ్చి తగిలించినవి కావు. దాని నడిమధ్య హాలు నాలుగు గోడల మీదా డియేగో రివేరా వేసిన 27 కుడ్యచిత్రాలు ఉన్నాయి. 1932 – 33లో, తడి సున్నం మీద, అక్కడే నిలబడి వేసినవి. ఆ బొమ్మల్లో ఉన్నది దేవుళ్ళూ రాజులూ కాదు, డియర్‌బోర్న్‌లోని ఫోర్డు రూజ్ ఫ్యాక్టరీ. ఉత్తరపు గోడ మీద పైన మండుతున్న బ్లాస్ట్ ఫర్నేస్, కింద వీ-8 ఇంజను తయారీ. దక్షిణపు గోడ మీద కారు బాడీని ఒత్తే పెద్ద ప్రెస్సు, అసెంబ్లీ లైను. మన తెలుగువాళ్ళలో ఎంతమంది ఆ కంపెనీలోనో, దాని పోటీ కంపెనీల్లోనో, వాటికి విడిభాగాలూ సాఫ్ట్‌వేరూ అమ్మే కంపెనీల్లోనో పనిచేస్తున్నారో వేరే చెప్పక్కర్లేదు. ప్రపంచంలో ఇంత పెద్ద మ్యూజియం నడిబొడ్డున, ఇంత పెద్ద ఎత్తున, మనం చేసే పని గురించి వేసిన బొమ్మలు ఇంకెక్కడ ఉన్నాయో నాకు చూపించండి.

అన్నట్టు రివేరా కూడా మనలాగే పనిమీద వచ్చిన పరదేశీ. మెక్సికో నుంచి వచ్చాడు. ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆయన రావడానికి నెలన్నర ముందే, 1932 మార్చి 7న, పని పోయి ఆకలితో ఉన్న కార్మికులు రూజ్ ఫ్యాక్టరీ దాకా ఊరేగింపుగా నడిచారు. పోలీసులూ ఫోర్డు కాపలాదారులూ కాల్పులు జరిపారు. ఆరోజు నలుగురు చనిపోయారు, తర్వాత ఇంకొకరు. అటువంటి ఊళ్ళోకి దిగాడు రివేరా. దిగగానే బ్రష్ పట్టలేదు. వారాల తరబడి ఫ్యాక్టరీలో తిరిగాడు. మనుషులు ఎలా వంగుతున్నారో, బరువు ఏ కాలిమీద వేస్తున్నారో చూసి గీసుకున్నాడు. ఆ తర్వాతే గోడెక్కాడు. వచ్చింది 1932 ఏప్రిల్‌లో, ముగించింది 1933 మార్చిలో. ఏడాది కూడా లేదు. అదే సమయంలో పక్కన ఉన్న ఫ్రీడా కాలో ఈ ఊళ్ళోని హెన్రీ ఫోర్డ్ హాస్పిటల్లో గర్భం పోగొట్టుకుని, ఆ ఆస్పత్రి పేరునే ఒక బొమ్మకి పెట్టింది. ఏడాదిలోపు ఇద్దరు పరదేశీలు ఈ ఊరిని అంతగా చూశారు. మనం ఇరవై, ముప్ఫై ఏళ్ళుగా ఉన్నాం.

“ఆర్ట్ మాకు అర్థం కాదండీ” అన్న మాట కూడా తరచుగా వింటాను. దానికి జవాబు నేను చెప్పను, మా మావయ్య చెప్పాడు. మా ఆవిడ వాళ్ళ నాన్న విశాఖ ఉక్కులో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేసి రిటైరయ్యారు. అక్కడి ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు, ఈయనది గోదావరి. జీవితంలో మ్యూజియం అంటే సాలార్‌జంగ్ ఒక్కటే చూశారు, అదీ గడియారం కోసం. ఇక్కడికి వచ్చినప్పుడు తీసుకెళ్ళాను. వాన్ గో ముందు మర్యాదకి ఒక నిమిషం నిలబడ్డారు. రివేరా హాల్లోకి రాగానే ఉత్తరపు గోడ ముందు ఆగిపోయారు. “ఇది టాపింగ్ బాబూ. ఇనుం వదులుతున్నారు. ఆ ఎర్రటి వెలుగు మొహం మీద అలాగే పడుద్ది,” అన్నారు. తర్వాత చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఇంజను దిమ్మెల్ని లాగుతున్న మనుషుల వరస చూపించి, “ఈ నడుములు చూశారా? ఇది పక్కన నిలబడి చూసినోడు వేసిందే. ఊహించి వేస్తే నడుం ఇలా రాదు,” అన్నారు. గోడ కింది వరసలో బూడిదరంగులో, కార్మికుడు పొద్దున టైం క్లాకు దగ్గర కార్డు గుద్దడం దగ్గర్నుంచీ రోజంతా చిన్నచిన్న బొమ్మలుగా ఉంటుంది. అవన్నీ ఒక్కొక్కటే వంగి చూశారు. ఆయనకి కళాచరిత్ర తెలియదు. పని తెలుసు. ఈ బొమ్మలకి ఆ చదువు చాలు. కార్ల కంపెనీలో పనిచేస్తూ ‘మాకర్థం కాదు’ అనేవాళ్ళు తమ తెలివిని కాదు, తమ పనిని తక్కువ చేసుకుంటున్నారు.

ఆరోజే ఆయనకి ఇంకో సంగతి చెప్పాను. 2013 జులైలో డిట్రాయిట్ నగరం దివాలా తీసింది. అప్పు దాదాపు 1,800 కోట్ల డాలర్లు. మ్యూజియంలోని బొమ్మలు 1919 నుంచీ నగరానివే కాబట్టి, అమ్మి అప్పు తీర్చమని అప్పులవాళ్ళు పట్టుబట్టారు. వేలం కంపెనీ క్రిస్టీస్ వచ్చి, నగరం సొంత డబ్బుతో కొన్న బొమ్మలకి 45 కోట్ల నుంచి 87 కోట్ల డాలర్ల దాకా వెల కట్టింది. చివరికి ఫౌండేషన్లు, రాష్ట్ర ప్రభుత్వం, మ్యూజియం దాతలు కలిసి 81 కోట్ల 60 లక్షల డాలర్లు సమకూర్చే ఒప్పందం కుదిరింది. ఆ డబ్బు పింఛన్లకి వెళ్ళింది. బొమ్మలు నగరం చేతిలోంచి మ్యూజియం ట్రస్టు చేతికి మారాయి, ఇక అమ్మడానికి వీల్లేకుండా. అయినా నగరపాలక ఉద్యోగులుగా చేసి రిటైరైనవాళ్ళకి పింఛను నాలుగున్నర శాతం తగ్గింది, ఏటా ధరలతోపాటు పెరిగేది ఆగిపోయింది. అంటే మనం ఉచితంగా చూడగలిగే బొమ్మల వెనకాల చెత్త బండి నడిపినవాళ్ళ, లైబ్రరీలో పనిచేసినవాళ్ళ పింఛన్ల లెక్క కూడా ఉంది. మావయ్య విని, “అప్పుంటే అమ్మేసుకోవడమేనా? మాదీ అలాగే అమ్ముతామన్నారు,” అన్నారు. 2021 జనవరిలో విశాఖ ఉక్కుని పూర్తిగా అమ్మకానికి పెట్టాలని కేంద్రం తీసుకున్న నిర్ణయం సంగతి అది. ఊరి ఆస్తి అంటే ఏమిటో, దాన్ని అమ్ముతామంటే జనం ఎందుకు రోడ్డెక్కుతారో తెలుగువాళ్ళకి ఒకరు నేర్పాలా? ఆ మాట తెలిసినవాళ్ళకి ఇక్కడి కథ మాత్రం ఎందుకు పరాయిదవ్వాలి?

ఇక ‘సేఫ్ కాదు’ అన్న మాటకి వద్దాం. దీన్ని మర్యాదగా దాటెయ్యడం నాకు చేతకాదు. డిట్రాయిట్ జనాభాలో నాలుగింట మూడొంతులకి పైగా నల్లవాళ్ళు. ‘అటువైపు’ అంటే ఎటువైపో, ‘సేఫ్ కాదు’ అంటే ఎవర్ని చూసి అంటున్నామో అందరికీ తెలుసు, పైకి అనం అంతే. ఎయిట్ మైల్ రోడ్డు ఉత్తరాన ఓక్లండ్ కౌంటీ, దక్షిణాన డిట్రాయిట్. 1941లో ఆ రోడ్డు దగ్గర్లో ఒక గోడ కట్టారు. అర మైలు పొడవు, ఆరడుగుల ఎత్తు. తెల్లవాళ్ళ కోసం ఇళ్ళు కడుతున్న బిల్డరు, పక్కన నల్లవాళ్ళ పేట ఉందని ప్రభుత్వం ఇంటి లోన్లకి పూచీ ఇవ్వనంటే, మధ్యలో గోడ లేపి లోన్లు తెచ్చుకున్నాడు. ఆ గోడ ఇంకా ఉంది. ఇప్పుడు దానిలో కొంతభాగం మీద అక్కడివాళ్ళే బొమ్మలు వేసుకున్నారు. డిట్రాయిట్‌లో చూడ్డానికి ఏముందని అడిగేవాళ్ళకి నేను చెప్పే రెండో చోటు అదే.

మనవాళ్ళు ఇక్కడికి గుంపులుగా రావడం మొదలయ్యేసరికి ఆ గోడ కట్టి యాభై ఏళ్ళు దాటింది. కట్టింది మనం కాదు. కానీ గోడకి అవతల తెల్లవాళ్ళు పెంచుకున్న భయాన్ని ఇంటితోపాటు, స్కూలు రేటింగుతోపాటు మనమూ కొనేసుకున్నాం. కులం పేరుతో ఊరి చివర గీత గీసిన చోటినుంచి వచ్చినవాళ్ళం మనం. ఒక ఊళ్ళో అటువైపు వెళ్ళకూడదు అంటే దాని అర్థం ఏమిటో మనకి తెలియదనకండి. రాత్రివేళ ఎక్కడ తిరగొచ్చో ఎక్కడ తిరగకూడదో ప్రతి పెద్ద ఊళ్ళోనూ చూసుకోవాల్సిందే, హైదరాబాదులోనూ చూసుకుంటాం. పట్టపగలు, పోలీసు బూతూ పార్కింగూ ఉన్న ఉడ్‌వర్డ్ ఎవెన్యూ మీద మ్యూజియంకి వెళ్ళకపోవడానికి ఆ జాగ్రత్త కారణం కాదు. లేబర్ డే వారాంతంలో ఊరి నడిబొడ్డున 1980 నుంచీ జాజ్ పండగ జరుగుతోంది, ఉచితంగా. ఆ జనంలో మనవాళ్ళని చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అక్కడ భయపడవలసింది ఏముందో నాకు కనిపించలేదు.

ఇంకో వాదన ఉంది, కొంచెం గౌరవంగా వినవలసింది. “ముందు మన సంస్కృతి కాపాడుకోవాలి కదండీ, పిల్లలకి తెలుగే రావట్లేదు. ఉన్న కాస్త వారాంతంలో దేనికని వెళ్ళం?” తెలుగు బడి నడిపేవాళ్ళ మీద నాకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు. నెలనెలా కూర్చుని పుస్తకాలు చర్చించుకునే డిట్రాయిట్ తెలుగు లిటరరీ క్లబ్బులాంటివి ఉన్నందుకు గర్వపడతాను. కానీ ‘మన సంస్కృతి’ పేరుతో వారాంతాలు నిజంగా దేనికి పోతున్నాయో మనలో మనం ఒప్పుకుందాం. సినిమా పాటకి గ్రూప్ డాన్సు, ఇండియా నుంచి విమానంలో దించిన యాంకరు, స్పాన్సర్లకి శాలువాలు, రాత్రి పదకొండింటికి చల్లారిన బిర్యానీ. ఒక సంఘం కార్యవర్గానికి నేను ఒకసారి చిన్న ప్రతిపాదన పెట్టాను. ఉగాది సభలో అరగంట ఈ ఊరి కవి ఎవరినైనా పిలిచి చదివిద్దాం, మనవాళ్ళెవరైనా తెలుగులో అనువాదం చదువుతారు అని. “మన ఆడియన్స్‌కి ఎక్కదు సార్” అన్నారు. ఆ అరగంటలో ఒక రియల్ ఎస్టేట్ ప్రెజెంటేషన్ పెట్టారు. అది ఎక్కింది కాబోలు.

మన సంస్కృతే కావాలంటే ఆ మ్యూజియం సేకరణలో చోళుల కాలపు కంచు పార్వతి కూడా ఉంది, 13వ శతాబ్దానిది. కానీ పార్వతి కోసం వెళ్ళమని నేననను. మన దేవత ఉంటేనే ఆ గుమ్మం తొక్కుతాం అనుకోవడమే ఇక్కడ అసలు జబ్బు.

ఇంతవరకూ వెళ్ళనివాళ్ళని అన్నాను. వెళ్ళేవాళ్ళని కూడా ఒకమాట అనాలి. ఈమధ్య కొత్తరకం తెలుగువాళ్ళు తయారయ్యారు. వయసులో ఉన్నవాళ్ళు, డౌన్‌టౌన్‌లో అపార్ట్‌మెంటు తీసుకున్నవాళ్ళు. ఈస్టర్న్ మార్కెట్ గోడబొమ్మల ముందు ఫొటోలు, కాఫీ కప్పు పట్టుకుని రివేరా హాల్లో ఒక సెల్ఫీ, కింద ‘లోకల్ వైబ్స్’ అని ఒక వ్యాఖ్య. రావడం మంచిదే, రానివాళ్ళకంటే నయమే. కానీ ఊరు వీళ్ళకి ఫొటో వెనకాల తెర మాత్రమే. హైడెల్‌బర్గ్ వీధిలో టైరీ గైటన్ అనే ఆయన 1986లో పాడుబడ్డ ఇళ్ళనీ, పారేసిన బొమ్మల్నీ చెప్పుల్నీ తీసుకుని వీధి వీధంతా ఒక కళాకృతిగా మార్చడం మొదలుపెట్టాడు. నగరం 1991లో ఒకసారి, 1999లో ఇంకోసారి బుల్డోజర్లు పంపి కొంత కొంత కూల్చేసింది. ఆయన మళ్ళీ కట్టాడు. ఆ వీధిలో ఇప్పటికీ మనుషులు కాపురం ఉంటున్నారు. వాళ్ళ వాకిట్లో కారాపి, తలుపైనా దించకుండా అద్దంలోంచి ఫొటో తీసుకుని వెళ్ళిపోతే అది చూడడం కాదు. రివేరాకి ఈ రకం మనుషులు ముందే తెలుసు. దక్షిణపు గోడ మీద, చెమటోడుస్తున్న కార్మికుల వెనకాల, ఫ్యాక్టరీ చూడ్డానికి వచ్చిన సందర్శకుల గుంపుని కూడా వేశాడు. మంచి బట్టలు, నిర్వికారమైన మొహాలు. వెళ్ళినప్పుడు వెతకండి, కనిపిస్తారు.

బొమ్మల్ని నెత్తిన పెట్టుకుని పూజించమనీ కాదు. వీటికి డబ్బిచ్చింది ఫోర్డు కంపెనీ వారసుడు ఎడ్సెల్ ఫోర్డు. 1932 మార్చి కాల్పులు ఈ గోడల మీద ఎక్కడా లేవు. రూజ్‌లో నల్ల కార్మికుల్ని ఎక్కువగా ఫౌండ్రీ వేడిలోకే నెట్టేవాళ్ళు. గోడ మీద మాత్రం నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ పక్కపక్కన భుజం భుజం కలిపి పనిచేస్తుంటారు. అది నిజమా, కోరికా, అబద్ధమా అని పోట్లాడుకోవచ్చు. 1933లో ఈ ఊరివాళ్ళు పోట్లాడుకున్నారు కూడా. సున్నం కొట్టి చెరిపెయ్యమని ఒక పత్రిక రాసింది, మతపెద్దలు గొడవ చేశారు. జనం విరగబడి చూశారు. కళని ఆస్వాదించడం అంటే చేతులు కట్టుకుని ‘బాగుంది’ అనడం కాదు, ఇలా గొడవలో చేరడం. ఆ గొడవలో మన గొంతు కూడా ఉండాలనే నా బాధ. హెచ్-1బి మీద ఉన్నవాడి ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి, లేదా సర్దుకోవాలి. అటువంటివాడు ఆ టైం క్లాకు బొమ్మ ముందు నిలబడితే, దాని గురించి ఇంకెవరూ చెప్పలేని మాట చెప్పగలడు. ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే నిలబడలేదు.

ఇదంతా ఒక సాహిత్యపత్రికలో ఎందుకు రాస్తున్నానో చెప్పి ముగిస్తాను. మనం డయాస్పోరా సాహిత్యం అని పిలుచుకునే కథలు చదవండి. కొన్ని మంచి మినహాయింపులు ఉన్నాయి, కాదనను. మిగతావాటిలో మంచు ఉంటుంది, హైవే ఉంటుంది, ఎయిర్‌పోర్టు ఉంటుంది, వచ్చివెళ్ళే అమ్మానాన్నలు ఉంటారు, వంటగది ఉంటుంది. ఊరుండదు. డిట్రాయిట్ అని ఉన్నచోట డాలస్ అని మారిస్తే కథలో ఒక్క వాక్యం కూడా మార్చక్కర్లేదు, మంచు తప్ప. ఇది రచనా సామర్థ్యానికి సంబంధించిన సమస్య కాదు. చూడనివాడు రాయలేడు, అంతే. ఈ ఊళ్ళో పుట్టి, కార్ల ఫ్యాక్టరీల్లో పనిచేసి, ఆ పని గురించే రాసి, 2011లో అమెరికా ఆస్థానకవి అయిన ఫిలిప్ లెవీన్ ఉన్నాడు. ఇక్కడే పుట్టి, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి కవితాసలహాదారు అయిన మొదటి నల్లజాతి కవి రాబర్ట్ హేడెన్ ఉన్నాడు. 1965లో బ్రాడ్‌సైడ్ ప్రెస్ పెట్టి నల్లకవుల పుస్తకాలు చవగ్గా జనంలోకి తెచ్చిన లైబ్రేరియన్ డడ్లీ రాండల్ ఉన్నాడు. లాటిన్ అమెరికానీ రష్యానీ తెలుగులోకి తెచ్చుకోవడానికి అంత కష్టపడ్డ జాతి, తను తినే తిండి పండిన ఊరి కవుల్ని ఎందుకు తెచ్చుకోదు?

కాబట్టి నాలుగు పనులు చెప్తాను, పెద్ద ఖర్చు లేనివే. వేసవిలో అమ్మానాన్నలు వస్తే నయాగరాతోపాటు రివేరా హాలు కూడా చూపించండి, ముఖ్యంగా చేతులతో పనిచేసి బతికినవాళ్ళయితే. తెలుగు సంఘాలవాళ్ళు ఏడాదికి ఒక్కసారి ఈ ఊరి కవికో సంగీతకారుడికో, మన యాంకరుకి ఇచ్చేదాంట్లో నాలుగోవంతు ఇచ్చి వేదిక ఎక్కించండి. అనువాదం చేతనైనవాళ్ళు ఒక్క డిట్రాయిట్ కవిని పట్టుకోండి. కథలు రాసేవాళ్ళు వచ్చే కథలో ఒక్క వీధికైనా దాని అసలు పేరు పెట్టండి, నడిచి చూసిన తర్వాత.

ఆ మ్యూజియం శుక్రవారాలు రాత్రి తొమ్మిదింటి దాకా తెరిచే ఉంటుంది. ఆఫీసు అయ్యాక వెళ్ళొచ్చు. డబ్బు ఎలాగూ కట్టేశాం.